ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ 1927-28: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఫుట్‌బాల్ గురించి మాట ఎత్తితే చాలు, ఆ సీజన్ విజేత ఎవర్టన్ జట్టు ఆటగాడు డిక్సీ డీన్ ఒకే సీజన్లో కొట్టిన 60 గోల్స్ నిజమా అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చెప్తే దాని వెనకే ఇంకో పది సందేహాలు. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవక్కర్లేదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాం: అందరూ డీన్ కోసమే వస్తారు కానీ, మా ఉద్దేశంలో ఈ సీజన్‌లో అసలు కథ పాయింట్ల పట్టిక అడుగున ఉంది.

## సీజన్ మొదలయ్యే ముందు

ఇది ఇప్పటి ప్రీమియర్ లీగేనా? పేరు వేరుగా ఎందుకు ఉంది?

ప్రీమియర్ లీగ్ 1992లో వచ్చింది. అంతకుముందు ఇంగ్లండ్‌లో పై స్థాయి పోటీ అంటే ఫుట్‌బాల్ లీగ్ వారి ఫస్ట్ డివిజన్. ఆ లీగ్ 1888లో పుట్టింది. 1927-28 ఫస్ట్ డివిజన్‌లో 22 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు మిగతా 21 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ల మైదానంలో ఒకసారి, మొత్తం 42 మ్యాచ్‌లు ఆడింది. 1927 ఆగస్టు 27న మొదలై 1928 మే 5న ముగిసింది. ఇప్పుడు ఉన్నవి 20 జట్లు, 38 మ్యాచ్‌లు. రెండు కాలాల రికార్డులు పోల్చేటప్పుడు ఈ నాలుగు మ్యాచ్‌ల తేడా గుర్తుంచుకోవాలి.

ఇంగ్లండ్ లీగ్ అంటున్నారు, మరి కార్డిఫ్ వేల్స్‌లో కదా ఉంది?

అవును, అయినా అది ఈ లీగ్‌లోనే ఆడేది. స్కాట్లాండ్‌కి సొంత లీగ్ ఉంది, వేల్స్‌లోని పెద్ద క్లబ్బులు మాత్రం ఇంగ్లండ్ లీగ్‌లో చేరాయి. పైగా అప్పటి కార్డిఫ్ సిటీ సాదాసీదా జట్టు కాదు. 1927 ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్ (లీగ్‌తో సంబంధం లేని, ఓడితే ఇంటికే అనే నాకౌట్ పోటీ) ఫైనల్లో ఆర్సెనల్‌ని 1-0తో ఓడించి, ఆ కప్పుని ఇంగ్లండ్ బయటికి తీసుకెళ్లిన ఏకైక క్లబ్ అదే. 1927-28 లీగ్‌లో 44 పాయింట్లతో ఆరో స్థానంలో నిలిచింది.

కింద ఇంకా ఎన్ని డివిజన్లు ఉండేవి? ఎంతమంది పైకి, ఎంతమంది కిందికి?

ఫస్ట్, సెకండ్ డివిజన్ల కింద థర్డ్ డివిజన్ నార్త్, సౌత్ అని రెండు భాగాలుగా ఉండేది. ఒక్కోదాంట్లో 22 చొప్పున మొత్తం 88 క్లబ్బులు. ఫస్ట్ డివిజన్ నుంచి చివరి రెండు జట్లు కిందికి పోతే, సెకండ్ డివిజన్ నుంచి మొదటి రెండు పైకి వచ్చేవి. థర్డ్ డివిజన్‌లో అయితే నార్త్ విజేత ఒకటి, సౌత్ విజేత ఒకటి, అంతే. పైకి వెళ్లేది ఎవరో తేల్చే అదనపు మ్యాచ్‌లు, అంటే ప్లే-ఆఫ్ అనే మాటే లేదు.

ఆఫ్‌సైడ్ రూల్ మార్చినందుకే గోల్స్ వరద వచ్చిందంటారు. ఎంతవరకు నిజం?

చాలావరకు నిజం. 1925 వేసవి దాకా, ముందుకి వెళ్లిన ఆటగాడికి బంతి అందించాలంటే అతనికీ గోల్ లైన్‌కీ మధ్య ఎదుటి జట్టు వాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. ఒక్క డిఫెండర్ నాలుగడుగులు ముందుకి జరిగితే చాలు, ఆఫ్‌సైడ్. న్యూకాజిల్ ఫుల్‌బ్యాక్ (వెనక వరస డిఫెండర్) బిల్ మెక్రాకెన్ ఈ పన్నాగంలో ఎంత ఆరితేరాడంటే, ఆటలు ఆగి ఆగి నడిచేవి, జనానికి విసుగొచ్చేది. 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. 1924-25లో ఫస్ట్ డివిజన్‌లో 1,192 గోల్స్ పడితే, తర్వాతి సీజన్లో అన్నే మ్యాచ్‌లకి 1,703 పడ్డాయి.

దీనికి మందుగా సెంటర్ హాఫ్‌ని, అంటే మైదానం మధ్యలో ఆడేవాణ్ణి, వెనక్కి లాగి మూడో డిఫెండర్‌గా నిలబెట్టడం మొదలైంది. కానీ ఆ మార్పు అన్ని జట్లూ ఒక్కసారే చేయలేదు. 1927-28 నాటికి కొందరు సర్దుకున్నారు, కొందరు పాత పద్ధతిలోనే ఉన్నారు. మంచి సెంటర్ ఫార్వర్డ్‌కి (ముందు వరస మధ్యలో ఉండి గోల్స్ కొట్టేవాడికి) ఇంతకంటే అనువైన కాలం మళ్లీ రాలేదు.

ఎవర్టన్ గెలుస్తుందని ముందే అనుకున్నారా?

అలా అనుకోవడానికి కారణమే లేదు. అంతకుముందు సీజన్లో, అంటే 1926-27లో, ఎవర్టన్ 22 జట్లలో 20వ స్థానం. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు డివిజన్‌లో మిగిలింది. ఆ ఏడాది విజేత న్యూకాజిల్, వాళ్ల హ్యూయీ గల్లాకర్ 36 గోల్స్ కొట్టాడు. రెండో స్థానం హడర్స్‌ఫీల్డ్ టౌన్‌ది. ఆ హడర్స్‌ఫీల్డ్ 1924, 1925, 1926లో వరసగా మూడుసార్లు లీగ్ గెలిచిన జట్టు. అలా చేసిన మొదటి క్లబ్ కూడా అదే. సీజన్ ముందు ఎవరైనా పందెం కాస్తే ఈ రెండింటి మీదే కాసి ఉండాలి.

## ఆట, డబ్బు, జనం

గెలిస్తే మూడు పాయింట్లు కదా, 53 పాయింట్లకే టైటిల్ ఎలా వచ్చింది?

అప్పట్లో గెలుపుకి రెండే పాయింట్లు, డ్రాకి ఒకటి. ఇంగ్లండ్‌లో మూడు పాయింట్ల పద్ధతి 1981లో వచ్చింది. ఎవర్టన్ 20 గెలుపులు, 13 డ్రాలు, 9 ఓటములతో 53 పాయింట్లు తెచ్చుకుంది. హడర్స్‌ఫీల్డ్ 22 గెలిచింది, 7 డ్రా, 13 ఓడింది, 51 పాయింట్లు. గెలుపుల్లో హడర్స్‌ఫీల్డే ముందుందన్నమాట!

ఇప్పటి లెక్కలో వేస్తే రెండు జట్లకీ సరిగ్గా 73 వస్తాయి. కాకపోతే ఎవర్టన్ గోల్స్ 102-66 (కొట్టినవి 102, ఇచ్చినవి 66), హడర్స్‌ఫీల్డ్‌వి 91-68. కాబట్టి ఆ లెక్కలోనూ కప్పు ఎవర్టన్‌దే.

గోల్ యావరేజ్ అంటే గోల్ డిఫరెన్సేనా?

కాదు. డిఫరెన్స్ అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేయడం. యావరేజ్ అంటే కొట్టినవాటిని ఇచ్చినవాటితో భాగించడం. పాయింట్లు సమానమైతే ఈ భాగహారమే తేల్చేది. ఇంగ్లండ్ లీగ్‌లో 1976 దాకా ఇదే నడిచింది.

దీని దెబ్బ ఎలా ఉండేదో 1926-27 సెకండ్ డివిజన్ చూస్తే తెలుస్తుంది. పోర్ట్స్‌మత్, మాంచెస్టర్ సిటీ రెండూ 54 పాయింట్లతో రెండో స్థానం కోసం నిలిచాయి. సిటీ చివరి రోజు 8-0తో గెలిచింది. లెక్క కడితే సిటీకి 108 భాగం 61, అంటే 1.7705. పోర్ట్స్‌మత్‌కి 87 భాగం 49, అంటే 1.7755. దశాంశ బిందువు తర్వాత మూడో అంకె దగ్గర పోర్ట్స్‌మత్ పైకి వెళ్లింది, సిటీ కిందే ఉండిపోయింది. గోల్ డిఫరెన్స్ అయ్యుంటే సిటీది 47, పోర్ట్స్‌మత్‌ది 38, అసలు పోటీయే లేదు. ఎక్కువ గోల్స్ కొట్టే జట్టుకి ఈ పద్ధతి అన్యాయం చేసేదని మా అభిప్రాయం.

చొక్కాల మీద నంబర్లు ఉండేవా? సబ్‌స్టిట్యూట్లు?

రెండూ లేవు. లీగ్ మ్యాచ్‌లో నంబర్లు మొదటిసారి కనిపించింది మరుసటి సీజన్ మొదటి రోజు, 1928 ఆగస్టు 25న. ఆర్సెనల్, చెల్సీ జట్లు తమతమ మ్యాచ్‌లలో ప్రయోగంగా వేసుకున్నాయి. కాబట్టి 9వ నంబర్ చొక్కాలో డీన్ 60వ గోల్ కొడుతున్నట్టు వేసిన బొమ్మ ఏదైనా చూస్తే అది కల్పనే. సబ్‌స్టిట్యూట్లని లీగ్ ఒప్పుకున్నది 1965లో. అంతవరకు ఎవరికైనా దెబ్బ తగిలితే మిగిలిన పది మందే ఆడాలి, లేదా దెబ్బ తగిలినవాణ్ణే వింగ్ మీద, అంటే మైదానం అంచున, నిలబెట్టి కుంటుతూ ఆడించాలి.

ఆటగాళ్లకి జీతం ఎంత?

లీగే గరిష్ఠ జీతం కట్టేసింది. సీజన్లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6 పౌండ్లు. ఇది 1922 నుంచి ఉన్న హద్దు. గెలిస్తే 2 పౌండ్లు, డ్రా అయితే 1 పౌండు బోనస్. 60 గోల్స్ కొట్టినా అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి క్లబ్బుకి హక్కు లేదు. ఫ్యాక్టరీ పనివాడి కంటే నయమే, కానీ స్టేడియం నిండుగా వచ్చే టికెట్ డబ్బులతో చూస్తే చిల్లర. ఇంకో పీట ముడి కూడా ఉంది: ఒప్పందం గడువు అయిపోయినా క్లబ్ వదలకపోతే ఆటగాడు వేరే క్లబ్బుకి వెళ్లడానికి లేదు. జీతం మీద ఈ హద్దు 1961లో పోయింది.

ఎవర్టన్ మేనేజర్ ఎవరు? ఎక్కడ వెతికినా పేరు దొరకడం లేదు.

దొరకదు, ఎందుకంటే లేడు. అప్పటి ఎవర్టన్‌లో జట్టుని డైరెక్టర్ల కమిటీ ఎంపిక చేసేది. కార్యదర్శి టామ్ మెకింటోష్ ఆఫీసు పనులు చూసేవాడు, ట్రైనర్ హ్యారీ కుక్ ఆటగాళ్ల ఒళ్లు చూసుకునేవాడు, మైదానంలో కెప్టెన్ వార్నీ క్రెస్‌వెల్ మాట నడిచేది. క్లబ్ మొదటి మేనేజర్‌ని పెట్టుకున్నది 1939లో. మేనేజర్ లేకుండా లీగ్ గెలవడం ఇప్పుడు వింతగా ఉంటుంది కానీ అప్పట్లో డైరెక్టర్లే జట్టుని ఎంపిక చేయడం మామూలు. అన్నీ ఒక్కడి చేతిలో పెట్టుకున్న ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ లాంటి వాళ్లే అరుదు.

రేడియోలో కామెంటరీ వచ్చేదా?

కొత్తగా మొదలైంది. బీబీసీ మొదటి లీగ్ మ్యాచ్ ప్రత్యక్ష వ్యాఖ్యానం 1927 జనవరి 22న, ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌కి. వినేవాళ్లకి బంతి ఎక్కడుందో తెలియాలని మైదానాన్ని గళ్లుగా విడగొట్టి ఆ బొమ్మని బీబీసీ వారపత్రికలో అచ్చేశారు. ఒకరు ఆట చెప్తుంటే ఇంకొకరు పక్కన గడి నంబర్ అరిచేవారు. అయితే ఎక్కువమందికి స్కోరు తెలిసేది శనివారం సాయంత్రం వచ్చే క్రీడా పత్రికల్లోనే. ఆట అయిన కాసేపటికే ఊళ్లో అమ్మకానికి వచ్చేవి.

క్రిస్మస్ రోజు కూడా మ్యాచ్‌లు ఉండేవట, నిజమేనా?

నిజమే. కార్మికులకి సెలవు దొరికే రోజులే క్లబ్బులకి కలెక్షన్ రోజులు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి వెంటవెంటనే మ్యాచ్‌లు పెట్టేవారు. చాలాసార్లు అవే రెండు జట్లు ఒక రోజు ఇక్కడ, ఇంకో రోజు అక్కడ ఆడేవి. ఫ్లడ్‌లైట్లు లేవు కాబట్టి అన్నీ పగలే.

## పైన జరిగిన పోరు

హడర్స్‌ఫీల్డ్ చేతిలోంచి టైటిల్ ఎలా జారిపోయింది?

రెండు కప్పుల కోసం పరిగెత్తి రెండూ పోగొట్టుకుంది. లీగ్‌తో పాటు ఎఫ్ఏ కప్‌లో కూడా చివరిదాకా వెళ్లింది. సెమీఫైనల్లో షెఫీల్డ్ యునైటెడ్‌తో 2-2, మళ్లీ ఆడితే 0-0, మూడోసారి 1-0తో గట్టెక్కింది. ఈ మూడు మ్యాచ్‌ల మధ్యలోనే మార్చి 31న ఇంగ్లండ్-స్కాట్లాండ్ మ్యాచ్ వచ్చింది. అందులో హడర్స్‌ఫీల్డ్ వాళ్లే ఐదుగురు ఆడారు: ఇంగ్లండ్ తరఫున గుడాల్, విల్సన్, కెల్లీ, స్మిత్, స్కాట్లాండ్ తరఫున అలెక్స్ జాక్సన్. ఏప్రిల్ 21న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఫైనల్. బ్లాక్‌బర్న్ రోవర్స్ మొదటి నిమిషంలోనే గోల్ కొట్టి 3-1తో గెలిచింది. తర్వాత లీగ్‌లో మిగిలిన మ్యాచ్‌లు రోజు విడిచి రోజు అన్నట్టు ఆడాల్సి వచ్చి, కాళ్లలో సత్తువ మిగల్లేదు. ఆఖరి రోజు రాకముందే ఎవర్టన్ విజేత అని తేలిపోయింది.

గెలిచింది ఎవర్టనే అయినా, ఆ ఏడాది నిలకడగా బాగా ఆడిన జట్టు ఏదంటే మేం హడర్స్‌ఫీల్డ్ అనే అంటాం. దీని మీద ఒప్పుకోని వాళ్లు చాలామంది ఉన్నారు, అది వేరే సంగతి.

ఇంగ్లండ్ 5-1తో ఓడిపోయింది ఈ సీజన్లోనేనా?

అవును, 1928 మార్చి 31, వెంబ్లీ. వాన పడి మైదానం జారుతోంది. పొట్టివాళ్లతో నిండిన స్కాట్లాండ్ ఫార్వర్డ్ లైన్ ఇంగ్లండ్‌ని ఆడుకుంది. జాక్సన్ హ్యాట్రిక్, అలెక్స్ జేమ్స్ రెండు. ఆ జట్టుకి 'వెంబ్లీ మాంత్రికులు' అని పేరొచ్చింది. ఇంగ్లండ్ సెంటర్ ఫార్వర్డ్ డీనే, కానీ ఆ రోజు గోల్ కొట్టలేదు. లీగ్‌లో దుమ్ము రేపుతున్నవాడు అక్కడ బంతి అందక నిలబడిపోయాడు.

ఆర్సెనల్ అప్పుడు పెద్ద జట్టు కాదా?

ఇంకా కాలేదు. 1925లో హడర్స్‌ఫీల్డ్ నుంచి వచ్చిన చాప్‌మన్ జట్టుని కడుతున్నాడు. 1927-28లో పదో స్థానం, 41 పాయింట్లు. మొదటి పెద్ద కప్పు 1930 ఎఫ్ఏ కప్, మొదటి లీగ్ టైటిల్ 1930-31. 1930వ దశకమంతా ఆర్సెనల్‌దే అయింది కాబట్టి ముందు నుంచీ అలాగే ఉందని చాలామంది పొరబడతారు.

## డీన్ 60 గోల్స్

ఒకే సీజన్లో 60 గోల్స్ నిజంగా కొట్టాడా? కప్ గోల్స్ కలిపి కదా?

కలపలేదు. అవి పూర్తిగా లీగ్ గోల్సే, 39 మ్యాచ్‌ల్లో 60. ఎవర్టన్ ఆడిన 42లో మూడింటికి అతను లేడు. జట్టు మొత్తం గోల్స్ 102, అంటే మిగతా అందరూ కలిసి 42. సీజన్ మొదటి తొమ్మిది మ్యాచ్‌ల్లోనూ ప్రతిదాంట్లో గోల్ కొట్టాడు. ఆ తొమ్మిదోది అక్టోబర్ 8న మాంచెస్టర్ యునైటెడ్‌తో, ఎవర్టన్ 5-2తో గెలిచింది, ఐదూ డీన్‌వే. అప్పటికి అతనికి 20 ఏళ్లు.

అంతకుముందు రికార్డు ఎవరిది?

ఫస్ట్ డివిజన్‌లో బ్లాక్‌బర్న్ ఆటగాడు టెడ్ హార్పర్‌ది, 1925-26లో 43. మొత్తం లీగ్‌లో అయితే మిడిల్స్‌బ్రో ఆటగాడు జార్జ్ కామ్సెల్ 1926-27 సెకండ్ డివిజన్‌లో 37 మ్యాచ్‌లకి 59 కొట్టాడు. డీన్ దాటాల్సింది ఈ 59నే. కామ్సెల్‌ని చూస్తే జాలేస్తుంది. అంతటి రికార్డు పట్టుమని ఏడాది కూడా నిలవలేదు. మ్యాచ్‌ల సగటు చూస్తే అతనిదే మెరుగు.

చివరి మ్యాచ్‌లో అసలు ఏం జరిగింది?

ఇంకా రెండు మ్యాచ్‌లు ఉండగా డీన్ లెక్క 53. రికార్డు దాటాలంటే ఏడు కావాలి. బర్న్‌లీ మైదానంలో ఎవర్టన్ 5-3తో గెలిచిన మ్యాచ్‌లో నాలుగు కొట్టాడు. మిగిలినవి మూడు, మిగిలింది ఒక్క మ్యాచ్: 1928 మే 5, ఎవర్టన్ సొంత మైదానం గుడిసన్ పార్క్, ఎదుట ఆర్సెనల్.

టైటిల్ అప్పటికే ఎవర్టన్‌ది, జనం వచ్చింది డీన్ కోసమే. ముందు ఆర్సెనల్ గోల్ కొట్టింది. వెంటనే డీన్ సమం చేశాడు, కాసేపటికి పెనాల్టీతో రెండోది. ఆర్సెనల్ మళ్లీ సమం చేసింది. ఆ తర్వాత నిమిషాలు గడుస్తున్నాయి, మూడోది పడదు. ఎంత టెన్షన్ అయ్యుంటుందో ఊహించుకోండి. ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా ఎడమ వింగర్ అలెక్ ట్రూప్ కార్నర్ తీశాడు, డీన్ తలతో లోపలికి పంపాడు. 60. చివర్లో ఆర్సెనల్ ఇంకో గోల్ కొట్టి 3-3 చేసింది, దాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఆర్సెనల్ కెప్టెన్ చార్లీ బుకన్‌కి ఆ రోజే ఆఖరి మ్యాచ్, పాపం ఆ వీడ్కోలు కూడా ఈ సందడిలో కొట్టుకుపోయింది.

డీన్ తలలో లోహపు పలక ఉండేదని, అందుకే హెడర్లు (తలతో కొట్టే దెబ్బలు) అంత బలంగా కొట్టేవాడని విన్నాం.

కట్టుకథ. దాని వెనక ఉన్న సంఘటన మాత్రం నిజం. 1926 వేసవిలో ఉత్తర వేల్స్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగి పుర్రె, దవడ చిట్లాయి. మళ్లీ ఆడతాడో లేదోనని డాక్టర్లే అనుమానపడ్డారు. కొన్ని నెలల్లో తిరిగొచ్చి తలతోనే గోల్స్ కొట్టేసరికి జనం పలక కథ అల్లేశారు. అతని హెడర్ల బలం ఎగిరే సమయం పట్టుకోవడంలో ఉంది. ఇంకొకటి, అతని అసలు పేరు విలియం రాల్ఫ్ డీన్. 'డిక్సీ' అని పిలిస్తే అతనికి నచ్చేది కాదు, దగ్గరివాళ్లు బిల్ అనేవారు.

ఎర్లింగ్ హాలండ్ 36తో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, జాగ్రత్తగా. హాలండ్ 2022-23లో కొట్టిన 36 ప్రీమియర్ లీగ్ రికార్డు. డీన్‌కి 39 మ్యాచ్‌లు, హాలండ్‌కి 35. అప్పటి డిఫెన్స్‌లు వదులుగా ఉండేవి అనేది నిజమే. అదే సీజన్లో బర్న్‌లీ 98 గోల్స్ ఇచ్చి కూడా డివిజన్‌లో మిగిలింది. కానీ అంత సులువే అయితే అందరూ కొట్టాలి కదా. అదే రూల్‌తో, అదే డిఫెన్స్‌ల మీద తర్వాత ఫస్ట్ డివిజన్‌లో అందరికంటే దగ్గరగా వచ్చింది ఆస్టన్ విల్లా ఆటగాడు పాంగో వేరింగ్, 1930-31లో 49. ఇంకా 11 దూరం. బురద మైదానం, నీళ్లు పీల్చి బరువెక్కే తోలు బంతి, గోల్‌కీపర్‌ని భుజంతో తోయడానికి అనుమతి, ఇవి కొన్ని ఫార్వర్డ్‌కి లాభం, కొన్ని నష్టం. మా లెక్కలో అవి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి.

## కింద జరిగిన పోరు

ఏడు జట్లకి ఒకే పాయింట్లా? అచ్చు తప్పు అనుకున్నాం.

అచ్చు తప్పు కాదు. 14 నుంచి 20వ స్థానం దాకా ఏడు జట్లకీ 39 పాయింట్లే: షెఫీల్డ్ వెన్స్‌డే, సండర్లాండ్, లివర్‌పూల్, వెస్ట్ హామ్, మాంచెస్టర్ యునైటెడ్, బర్న్‌లీ, పోర్ట్స్‌మత్. వాటి వరుస గోల్ యావరేజ్‌తో తేలింది. కింద 38తో టోటెన్‌హామ్, 37తో మిడిల్స్‌బ్రో. నాలుగో స్థానంలో ఉన్న డర్బీ కౌంటీకి 44 పాయింట్లు. అంటే నాలుగో స్థానానికీ అట్టడుగుకీ మధ్య తేడా ఏడు పాయింట్లు, గెలుపుల్లో చెప్పాలంటే మూడున్నర. 42 మ్యాచ్‌లు ఆడాక మిగిలిన తేడా అది! ఇంత బిగుసుకుపోయిన పట్టిక ఆ లీగ్‌లో ఇంకోటి చూపించమంటే కష్టం. ఈ సీజన్ అనగానే డీన్ గురించి మాత్రమే మాట్లాడేవాళ్లకి మేం ముందుగా ఈ పట్టికే చూపిస్తాం.

38 పాయింట్లు తెచ్చుకుని టోటెన్‌హామ్ ఎలా కిందికి పోయింది?

వాళ్ల మ్యాచ్‌లు మిగతావాళ్లకంటే ముందే అయిపోయాయి. 38 చాలులే అన్న ధీమాతో జట్టు నెదర్లాండ్స్ టూర్‌కి వెళ్లిపోయింది. ఈలోగా వాళ్ల కింద ఉన్న జట్లు ఒక్కొక్కటే గెలుచుకుంటూ పైకి ఎక్కేశాయి. టోటెన్‌హామ్ చేయగలిగింది ఏమీ లేదు, ఆడటానికి మ్యాచ్ మిగిలితే కదా. డివిజన్ పోయిన సంగతి పరాయి దేశంలో ఉండగా తెలిసింది. మళ్లీ ఫస్ట్ డివిజన్‌కి రావడానికి 1933 దాకా పట్టింది.

షెఫీల్డ్ వెన్స్‌డే తప్పించుకున్న కథేంటి?

ఇంకా పది మ్యాచ్‌లు ఉండగా వెన్స్‌డే అట్టడుగున, మిగతావాళ్లకి ఏడు పాయింట్ల దూరంలో ఉంది. గెలుపుకి రెండే పాయింట్లు ఇచ్చే రోజుల్లో అది పెద్ద అగాథం. ఆ పది మ్యాచ్‌ల్లో 20కి 17 పాయింట్లు తెచ్చుకుని 14వ స్థానంలో తేలింది.

ఆ జట్టుని నడిపింది జిమ్మీ సీడ్. అతను అంతకుముందు టోటెన్‌హామ్ ఆటగాడు. వయసు 32, పని అయిపోయిందనుకుని టోటెన్‌హామ్ అతని జీతం వారానికి 8 పౌండ్ల నుంచి 7కి తగ్గించి, చివరికి ఇంకో ఆటగాడికి బదులుగా వెన్స్‌డేకి ఇచ్చేసింది. ఈస్టర్ రోజుల్లో వెన్స్‌డే, టోటెన్‌హామ్ రెండుసార్లు తలపడితే రెండుసార్లూ వెన్స్‌డేదే గెలుపు. ఆ నాలుగు పాయింట్లు అటూ ఇటూ అయ్యుంటే కిందికి పోయేది ఎవరో మీరే చెప్పండి. వారానికి ఒక్క పౌండు మిగుల్చుకోబోయి డివిజన్ పోగొట్టుకున్నట్టయింది. ఆ వెన్స్‌డేనే సీడ్ కెప్టెన్సీలో తర్వాతి రెండేళ్లూ, 1928-29, 1929-30, లీగ్ గెలిచింది.

మాంచెస్టర్ యునైటెడ్ కూడా కిందికి పోయే ప్రమాదంలో ఉందా?

ఉంది. చివరి రోజుకి ముందు వాళ్లకి 37 పాయింట్లే. మే 5న లివర్‌పూల్‌ని 6-1తో ఓడించి 39కి చేరి బతికిపోయింది. లివర్‌పూల్‌కి ఆ ఓటమి వల్ల నష్టమేం జరగలేదు, వాళ్లూ 39తోనే 16వ స్థానం.

కామ్సెల్ లాంటి గోల్స్ వీరుడు ఉండి కూడా మిడిల్స్‌బ్రో ఎందుకు పోయింది?

గోల్స్ కొట్టడం వాళ్ల సమస్య కాదు, 81 కొట్టారు. ఇచ్చినవి 88. చివరి రోజు సొంత మైదానంలో సండర్లాండ్‌తో మ్యాచ్, ఇద్దరికీ 37 పాయింట్లు. పక్క పక్క ఊళ్లు, పాత కక్షలు, ఓడినవాడు కిందికి. సండర్లాండ్ 3-0తో గెలిచింది. అంతకుముందు ఏడాది సెకండ్ డివిజన్ విజేతలుగా ఊరేగినవాళ్లు ఏడాది తిరిగేసరికి అక్కడికే తిరిగొచ్చారు.

## తర్వాత

విజేత అయ్యాక ఎవర్టన్ ఏం చేసింది?

ఆ క్లబ్ ప్రయాణం చూస్తే కళ్లు తిరుగుతాయి. 1928-29లో 18వ స్థానం. 1929-30లో అట్టడుగు, చరిత్రలో మొదటిసారి సెకండ్ డివిజన్. 1930-31లో అక్కడ 121 గోల్స్‌తో విజేత. 1931-32లో పైకి వచ్చీ రాగానే లీగ్ టైటిల్, డీన్ 45 గోల్స్. 1933లో మాంచెస్టర్ సిటీ మీద 3-0తో ఎఫ్ఏ కప్. ఆ ఫైనల్లో రెండు జట్లకీ కలిపి 1 నుంచి 22 దాకా నంబర్లు వేశారు, డీన్ 9 వేసుకున్నది ఆ రోజే.

డీన్ ఎప్పుడు మానేశాడు?

1938లో ఎవర్టన్ అతన్ని నాట్స్ కౌంటీకి అమ్మింది. 1939లో ఐర్లాండ్‌లో స్లైగో రోవర్స్‌కి కొన్నాళ్లు ఆడాడు. ఎవర్టన్ తరఫున 399 లీగ్ మ్యాచ్‌ల్లో 349 గోల్స్, ఇంగ్లండ్ తరఫున 16 మ్యాచ్‌ల్లో 18. 1980 మార్చి 1న గుడిసన్ పార్క్‌లో ఎవర్టన్-లివర్‌పూల్ మ్యాచ్ చూస్తూ గుండెపోటుతో పోయాడు. 2001లో ఆ మైదానం బయట అతని విగ్రహం పెట్టారు.

కిందికి పోయిన రెండింటి స్థానంలో ఎవరు వచ్చారు?

సెకండ్ డివిజన్ విజేత మాంచెస్టర్ సిటీ, రెండో స్థానంలో ఉన్న లీడ్స్ యునైటెడ్. అంతకుముందు ఏడాది వెంట్రుకవాసిలో ఆగిపోయిన సిటీ ఈసారి గోల్ యావరేజ్ దాకా రానివ్వలేదు, 59 పాయింట్లు తెచ్చుకుంది. మిడిల్స్‌బ్రో 1928-29లో సెకండ్ డివిజన్ గెలిచి ఏడాదిలోనే వెనక్కి వచ్చేసింది.